చెట్టుకు రెండు విన్నపాలు

సంతలో సోల్‌గోల్ వదిన పక్కన ఎవరూ బుట్ట దించేవారు కాదు. కంపు! ఆకులు పండే కాలం వచ్చిందంటే ఆమె జుట్టు, బట్టలు, ఆమె కూర్చుని లేచిన చాప కూడా కంపు కొట్టేవి. "వదినా, కాస్త గాలికి అవతల కూర్చోరాదూ" అని మొహం మీదే అనేదాన్ని. "నీది పెద్దింటి ముక్కు కదమ్మా హన్నే, ఇంట్లో దాచుకుని రాకపోయావా!" అని పకపకా నవ్వేది. ఆమె పోయి ఇన్నేళ్లయింది. ఇప్పటికీ ఆ కంపు కోసం నా ప్రాణం కొట్టుకుంటుందంటే నమ్ముతారా? నిజంగా కొట్టుకుంటుంది.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. మా చొల్లా కొండల్లో పెళ్లయి వచ్చిన ఆడదాన్ని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. ఆమె సోల్‌గోల్ నుంచి వచ్చింది కనక సోల్‌గోల్. నేను హన్నే నుంచి వచ్చాను కనక హన్నే. మా అత్తగారి పేరేమిటో ఆవిడ పోయిన రోజున గాని నాకు తెలియలేదు.

ఊరి చివర కొండవాలున ఉన్న గురుమందిరానికి సోల్‌గోల్ వదిన కాపలాదారు. కన్‌ఫ్యూషియస్ మహాగురువుకూ ఆయన శిష్యులకూ పూజ జరిగే మందిరం పైన, పాఠశాల కింద. ఆరు వందల ఏళ్ల నాటిదని మా మామగారు రోజుకోసారైనా చెప్పేవారు. రాజుల కాలంలో కట్టారు. జపాను సైన్యం మొదటిసారి వచ్చినప్పుడు తగలబెట్టిపోయింది. మా తాక్ వంశం వాళ్లు పస్తులుండి కూడబెట్టి మళ్లీ కట్టించారు. అక్కడ చదివి, రాజుగారి పరీక్ష నెగ్గి, గుర్రమెక్కి ఊళ్లోకి వచ్చినవాళ్లు ఉన్నారట. తరవాత ఆ పరీక్షలే ఎత్తేశారు. జపాను వాళ్లు మళ్లీ వచ్చి దేశం మీద తిష్ఠవేసినప్పుడు మందిరం పొలాలు లాక్కుని, పాఠశాలలో గుమాస్తాల బల్లలు వేశారు. వాళ్లు పోయాక, మిగిలిన పొలం కాస్తా దున్నేవాళ్లకు పంచారు. మంచిపనే, కాదనను. కాని మందిరానికి చివరికి మిగిలినవేమిటి? కారే కప్పు, ఏడాదికి రెండు పూజలు, గుర్రపు వెంట్రుకల టోపీలు పెట్టుకున్న కొందరు ముసలాళ్లు. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు! ఆ మాట మామగారి ముందు అనలేదు లెండి, వంటింట్లో అన్నాను.

ఇన్ని గొడవలనూ తట్టుకుని నిలిచింది పాఠశాల ముందరి గింకో చెట్టు ఒక్కటే. మహాగురువు ఇలాంటి చెట్టు నీడలో కూర్చునే పాఠం చెప్పాడని, మా ఊరి మొదటి గురువు దాన్ని తన చేత్తో నాటాడట. మందిరం తగలబడినప్పుడు ఒక పక్క మాడిపోయినా రెండో పక్క చిగురు వేసింది. నలుగురు చేతులు చాచి పట్టుకున్నా అందని మాను. ఆడచెట్టు. కొమ్మ కొమ్మకూ పసుపుపచ్చటి పళ్లు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గాని, ఒక్కటి కాలికింద చితికిందా, ఇక ఆ పూట అన్నం సయించదు.

సోల్‌గోల్ వదిన భర్త పేరు చిల్‌సుంగ్. తాతల నాటి నుంచీ కాపలా పని వాళ్లదే. ఉత్తరం వాళ్లకూ దక్షిణం వాళ్లకూ యుద్ధం వచ్చిన చలికాలం, తుపాకుల మోత దగ్గరపడేసరికి పెద్దలందరూ ఎవరి పిల్లల్ని వాళ్లు చంకనేసుకుని పారిపోయారు. చిల్‌సుంగ్ మాత్రం మందిరంలో గురువుల పేర్లున్న చెక్కఫలకాలన్నీ మూటగట్టి, వీపున వేసుకుని కొండ గుహలోకి పోయాడు. మంచు తగిలితే చెక్క పగులుతుందని తన దుప్పటి వాటికి కప్పాడు. ఫలకాలు చెక్కుచెదరకుండా తిరిగివచ్చాయి. ఆయన మాత్రం రొమ్ము నిండా జలుబుతో వచ్చి, వసంతం రాకుండానే పోయాడు.

పిల్లలు లేరు. "ఇంతలా కాసే ఆడదాన్ని చూసైనా నేర్చుకోవే" అంటూ అత్తగారు ఆమె చేత ఆ చెట్టుకు రోజూ మొక్కించేదట. ఆ సంగతి కూడా వదిన నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

చిల్‌సుంగ్ పోయాక పెద్దలు కూర్చుని మాటిచ్చారు. కాపలా ఇల్లు ఆమెదే, చెట్టు కాపూ ఆమెదే. బదులుగా మందిరం ఊడ్చి, పూజల వంట చెయ్యాలి. జీతం లేదు, గింజలే జీతం. "చెట్టు ఉన్నన్నాళ్లూ ఆ అమ్మకు లోటు రాదు" అన్నారట మా మామగారు. నిజంగానే లోటు రాలేదు. ఆమె రాల్చిన పళ్లను వాగులో నానబెట్టి, కాళ్లతో తొక్కి, గుజ్జు వదిలించేది. ఆ గుజ్జు తగిలి చేతులు బొబ్బలెక్కేవి. ఎండబెట్టిన తెల్లటి గింజలు సంతకు తీసుకుపోయి బియ్యమూ ఉప్పూ తెచ్చుకునేది. పక్క తడిపే పిల్లలకు మందనీ, ఆయాసానికి మంచిదనీ ఎగబడి కొనేవారు. మా మామగారికైతే ఆకుపచ్చగా వేయించిన గింజలు దేవదారు పుల్లకు గుచ్చి ఇవ్వందే సాయంత్రం బియ్యపు సారా దిగేది కాదు.

ఇలా ఉండగా, ఒక ఏడు శరత్కాలపు పూజకు తాలూకా అధికారిని పిలిచారు. మొదటి సారా గిన్నె ఆయన చేత పెట్టిస్తే కప్పు బాగుచేయించడానికి ఏదైనా ఏర్పాటు చేస్తాడని ఆశ. ఆ ఏడు గాలివానకు పళ్లు ముందే రాలాయి. సోల్‌గోల్ వదిన తెల్లారకముందే లేచి ఊడ్చింది. ఊడుస్తూ ఉండగానే మళ్లీ రాలాయి. పట్టు అంగరఖా, నల్లటి టోపీ వేసుకుని గంభీరంగా నడిచొస్తున్న అధికారిగారు చెట్టు కింద జర్రున జారి, వెల్లకిలా పడ్డారు. మందిరం పెద్దల్లో ఒకరైన ప్యో పెద్దాయన లేపబోయి ఆయన మీదే పడ్డారు. ఇద్దరూ కలిసి కంపు కొడుతూ పూజ ముగించారు. మగవాళ్లెవరూ నవ్వలేదట. బయట గిన్నెలు కడుగుతున్న మేం మాత్రం కడుపులు పట్టుకుని కూలబడ్డాం.

కప్పు సంగతి మరి ఎవరూ ఎత్తలేదు. ఆ వారమే పెద్దలు మా ఇంట్లో సమావేశమయ్యారు.

"కొట్టించి పారేద్దాం. నా నడుం ఇంకా సలుపుతోంది" అన్నారు ప్యో పెద్దాయన.

"కొట్టించడమా! మొదటి గురువు నాటిన చెట్టును?" మా మామగారి గడ్డం వణికింది. "సియోల్లోని పెద్ద విద్యాపీఠంలో పూర్వం ఇదే ఇబ్బంది వస్తే ఏం చేశారనుకున్నారు? చెట్టుకు పూజ చేసి, వినయంగా విన్నవించుకున్నారు. చెట్టు అర్థం చేసుకుంది. మగచెట్టుగా మారిపోయింది. మనమూ మర్యాదగా అడుగుదాం."

"మాట వింటుందంటారా?"

"ఆరు వందల ఏళ్లుగా పాఠాలు వింటున్న చెట్టు! మన పిల్లల కంటే నయం కాదూ?"

అందరూ తలలు ఊపారు. ఊపుతూ ఏం తింటున్నారనుకున్నారు? నేను వేయించి పెట్టిన గింకో గింజలు. పళ్లెం ఖాళీ అయ్యేసరికి తీర్మానం అయిపోయింది. సోల్‌గోల్ వదిన ఏం తిని బతకాలన్న మాట ఒక్క నోట రాలేదు. చెడ్డవాళ్లు కారు, నేనెరుగుదును. పుస్తకంలో లేని మనిషి వాళ్లకు కనపడదు, అంతే.

వాగు దగ్గర ఆడవాళ్లందరం ముక్కున వేలేసుకున్నాం. "ఆడదాన్ని మగాడిగా మారమని పూజా?" అంది మిల్లు ఇంటావిడ. "అలాగైతే మా ఆయనక్కూడా ఒక పూజ చేయించండమ్మా, మనిషిగా మారతాడేమో!" అందరూ నవ్వారు, సోల్‌గోల్ వదినతో సహా.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకంటే పూజ వంట చెయ్యాల్సింది కూడా ఆమే. పెద్దల ఆజ్ఞ.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా వదినా? ఒంట్లో బాగాలేదని పడుకో. లేదా వంటకు ముందు ఇంత వెల్లుల్లి నమిలి రా. మైలపడిందని పూజ ఆగిపోతుంది."

ఆమె ముల్లంగి తరుగుతూ తలెత్తలేదు. "ఎన్నేళ్లుగా అన్నం పెట్టిన చెట్టది. దానికి మొదటిసారి నా చేత్తో పళ్లెం పెడుతున్నా. ఎంగిలి నోటితో ఎలా పెట్టనే?"

"రేపు కాయకపోతే?"

"కాయకపోతే మా మేనల్లుడి ఇల్లుంది. వాడి పెళ్లాం నోరు చూశావుగా, పొయ్యి లేకుండానే అన్నం ఉడుకుతుంది." నవ్వబోయి ఆగిపోయింది. కత్తి పక్కన పెట్టి, "ఈ ఇల్లు వదిలి ఎక్కడికి పోనే హన్నే? ఆయన పోయిన ఇల్లిది" అంది. అంతకు ముందు ఎప్పుడూ ఆమె నోట అలాంటి మాట నేను వినలేదు.

చలికాలం చివర, చెట్టు మొగ్గ తొడగకముందే పూజ చేశారు. చన్నీళ్లు పోసుకుని, తెల్లబట్టలు కట్టి ఆమె చేసిన వంట చూడాలి! పచ్చి పంది మాంసం, ఎండు చేపలు, చెస్ట్‌నట్లు, రేగుపళ్లు, వడియగట్టిన సారా. మహాగురువుకు కూడా అంతకంటే శ్రద్ధగా పెట్టి ఉండదు. టోపీలన్నీ వరసగా నిలబడ్డాయి. "వంగండి! లేవండి!" అని ఒకాయన కేక వేస్తుంటే చెట్టుకు మొక్కాయి. మామగారు చీనా అక్షరాల్లో రాసుకున్న విన్నపం రాగం తీసి చదివి, కాగితం తగలబెట్టారు.

"ఏమన్నారే?" గోడ ఇవతల నుంచి వదిన అడిగింది.

ఇంటికి పోయి మామగారిని అడిగి మర్నాడు చెప్పాను. "'ఓ మహావృక్షమా, మీ సంతానం వల్ల విద్యకు భంగం కలుగుతోంది. ఇకమీదట కనడం మానుకోవలసిందని ప్రార్థన' అన్నారట."

ఆమె "నన్నేమో కనలేదని తిట్టారు, దాన్నేమో కంటున్నావని తిడుతున్నారు" అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ శరత్కాలంలో చెట్టు కాయలేదు.

ఒక్కటంటే ఒక్క కాయ లేదు! ఆకులు మాత్రం బంగారంలా రాలాయి. బడి పంతులుగారు ఏదో చెప్పబోయారు. రోడ్డు వెడల్పు చేస్తూ మిల్లు పక్కనున్న మగచెట్టును చలికాలంలో కొట్టేశారనీ, పుప్పొడి రాక ఇది కాయలేదనీ. ఎవరు వింటారు? మామగారికి కాళ్లు నేల మీద ఆనలేదు. పక్క ఊళ్ల పెద్దలు వచ్చి చెట్టును చూసిపోయారు. "మా వినయం ఫలించింది" అనే మాట ఆ నెలలో ఎన్నిసార్లు విన్నానో! గిన్నెలు కాస్త చప్పుడయ్యేలా కడగడం తప్ప నేనేం చెయ్యగలను?

సోల్‌గోల్ వదిన సంతకు రావడం మానేసింది. ముల్లంగి ఆకులు ఉడకబెట్టుకుని తాగుతోందని తెలిసి, బియ్యం పట్టుకుపోతే తలుపు దగ్గరే ఆపేసింది. "తిరిగి ఇవ్వలేనిది తీసుకోను" అంది. బతిమాలాను, తిట్టాను. ఊహూఁ. ఆమెకు కోపమొస్తే గొంతు పెంచదు, ఇంకా మెత్తగా మాట్లాడుతుంది. మెత్తగా మాట్లాడి నన్ను పంపేసింది. దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చాను.

చలి ముదిరాక ఒక సాయంత్రం మామగారు సారా గిన్నె ముందు పెట్టుకుని అటూ ఇటూ చూశారు. ఆయాసంతో రొప్పుతున్నారు.

"ఏమ్మా, ఈ ఏడు గింజలు వేయించలేదా?"

ఇక ఆగలేకపోయాను. కోడలు మామగారితో అలా మాట్లాడకూడదు, తెలుసు. "ఎక్కడివి మామగారూ? మీరే కదా కాయొద్దని చెట్టుకు దణ్ణం పెట్టి చెప్పారు. అది మర్యాద తెలిసిన చెట్టు, మానేసింది. ఆ గింజల మీద బతికే మనిషి కూడా తినడం మానేసింది. వసంతపు పూజకు పాత్రలు తోమి పెట్టి వెళ్లిపోతుందట. మూట కట్టుకుంది."

పక్కగదిలో మా ఆయన దగ్గడం వినిపించింది. మామగారు గిన్నె ముట్టుకోకుండా లేచి లోపలికి పోయారు.

మర్నాడు ఆ మంచులో కర్ర పట్టుకుని ఒక్కరే కొండ ఎక్కారు. కాపలా ఇంటి గుమ్మంలోంచి మూటను చూశారట. పొయ్యి మీద మరుగుతున్న ఆకుల నీళ్లు చూశారట. వదిన "పెద్దయ్యగారూ, లోపలికి దయచెయ్యండి" అంటే దయచెయ్యలేక, గుమ్మంలోనే నిలబడి తిరిగి వచ్చేశారట. ఇంటికి వచ్చి తలుపేసుకుని, పిలిస్తే గాని అన్నానికి రాలేదు.

తరవాత పెద్దలను పిలిపించారు. ఇంకో పూజ చెయ్యాలన్నారు. మళ్లీ కాయమని చెట్టును అడగాలట.

ప్యో పెద్దాయన లేచి నిలబడ్డారు. "ఊరు నవ్వదూ? పోయినేడు కాయొద్దని, ఈ ఏడు కాయమనా? ఆ చెట్టుకు మనమెలా కనిపిస్తాం?"

"తప్పు చేసిన ముసలాళ్లలా కనిపిస్తాం" అన్నారు మామగారు. "చిన్నప్పటి నుంచీ తప్పు దిద్దుకోవాలని చదివాం, చదివించాం. ఒక్కసారైనా దిద్దుకుని చూపొద్దూ? చిల్‌సుంగ్ తన దుప్పటి గురువులకు కప్పాడయ్యా. అతని భార్య ఒంటి మీది దుప్పటి మనం లాగేశాం."

ప్యో పెద్దాయన నెమ్మదిగా కూర్చున్నారు.

రెండో పూజకు మగా ఆడా ఊరంతా వచ్చింది, వినోదం చూడ్డానికనే అనుకోండి. వంట మళ్లీ వదినదే. ఈసారి మామగారు విన్నపాన్ని చీనా అక్షరాల్లో రాయలేదు. మేం మాట్లాడుకునే మాటల్లోనే రాశారు. "అమ్మా, చెట్టమ్మా" అని మొదలుపెట్టారు. "మా బట్టలకు మరకలయ్యాయని నీ కడుపును ఆపమన్నాం. నీ కాయతో ఒక ఇల్లు బతుకుతోందని మాకు తోచలేదు. చదివిన కళ్లే, కాని ఆనలేదు. క్షమించి, మళ్లీ..." అక్కడ ఆగిపోయారు. ఆయన కళ్లలో నీళ్లు చూడ్డం నాకు అదే మొదలు.

అప్పుడు సోల్‌గోల్ వదిన గిన్నెలు వదిలేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ టోపీల వరస మధ్య నుంచి నడిచి ముందుకు వచ్చింది. ఎవరూ ఆపలేదు. మాను మీద చెయ్యి వేసింది.

"వీళ్ల మాట వినకు తల్లీ" అంది. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే అంది. "కాయొద్దంటే మానడం, కాయమంటే కాయడం, ఎవరికి పట్టిందీ చాకిరీ? ఆరు వందల ఏళ్లు కన్నావు. కాల్చినా కన్నావు. ఇక చాలు, కూర్చో. అలసిపోయుంటావు. నా తిండి నేను చూసుకుంటాలే."

సారా గిన్నె తీసి మొదట్లో పోసింది. పెద్దలకు వంగి దణ్ణం పెట్టి, మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది. "లేవండి" అని కేక వెయ్యాల్సిన ఆయన వెయ్యడం మరిచిపోయాడు. టోపీలన్నీ నేల మీదే చాలాసేపు ఉండిపోయాయి.

వెళ్లిపోతానన్న మనిషిని వసంతపు పూజ తరవాత "నాట్లయ్యేదాకా ఉండు, నాకు చెయ్యి సాయం కావాలి" అని నేను ఆపాను. నాట్లయ్యాయి, కలుపయింది. మా పొలంలో పనిచేసి కూలి తీసుకుంది గనక తిండికి మొహమాటపడలేదు. కాని మూట మాత్రం విప్పలేదు. ఆ శరత్కాలమూ చెట్టు కాయలేదు. మగచెట్టు లేదు కదా, ఎలా కాస్తుంది? కోతలైన మర్నాడు బయల్దేరతానంది.

ఆమె బయల్దేరే రోజు తెల్లవారి మామగారు పెరట్లో ఏదో వెతుకుతుంటే ఏమిటో అనుకున్నాను. పాలేరు వీపున తగిలించుకుని కట్టెలు మోసే చెక్క చట్రం అది. పుట్టి బుద్ధెరిగాక తన పుస్తకాలు కూడా తాను మోసుకోని మనిషి! "మామగారూ, మీకు ఆయాసం" అన్నాను. "పాలేరును పంపుతాను" అన్నారు మా ఆయన. మామగారు ఇద్దరినీ లెక్కచెయ్యలేదు. టోపీ తీసి నా చేతికిచ్చి, తలకు గుడ్డ చుట్టుకుని వీధిలోకి పోయారు. మందిరానికి పేరు చెప్పుకునే ప్రతి ఇంటి ముందూ నిలబడి, ఇంటికో కొలత కొత్త బియ్యం అడిగారు. ప్యో పెద్దాయన రెండు కొలతలు పోశారట, అదీ గొణుక్కుంటూనే. చట్రం మీది సంచీ బరువెక్కిన కొద్దీ ఆయన వంగిపోతూ వచ్చారు. పిల్లలు వెనక పడి నవ్వారు. కొండ దారిలో రెండుచోట్ల కూలబడితే, దూరంగా వస్తున్న నేను పరిగెత్తబోయాను. వద్దని చెయ్యి చూపించారు.

సోల్‌గోల్ వదిన మూట నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నారు. ఊపిరి అందడం లేదు. కర్ర ఊతంగా ఆనించి, సంచీ దించబోయి, దించడం చేతకాక అలాగే నిలబడ్డారు.

"అమ్మా," అన్నారు. "ఈ ఏటి కాపు తెచ్చాను. వచ్చే ఏడూ తెస్తాను. నేను పోతే మా అబ్బాయి తెస్తాడు."

వదిన నెత్తిన మూట పెట్టుకుని ఆయన వంక చూస్తూ నిలబడింది. అన్నేళ్లలో ఎన్నడూ నా ముందు ఏడవని మనిషి, చంటిపిల్లలా బావురుమంది. ఏడుస్తూనే మూట దించి గుమ్మంలో పడేసి, పరుగున వచ్చి ఆయన వీపు మీది సంచీకి చెయ్యి వేసింది.

"అయ్యో పెద్దయ్యగారూ, ముందు కూర్చోండి" అంది. "కాస్త గంజి తాగి వెళుదురు గాని. పొయ్యి అంటిస్తాను."